తీపి లేని పండ్ల పరిమళం

మామిడల్లం ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. కొమ్మును విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చిమామిడి వాసన గుప్పుమంటుంది. కొరికి చూస్తే కాయలోని పులుపూ లేదు, పండులోని తీపీ లేదు. ముక్కు ఒకటి చెప్పింది, నాలుక మరొకటి చెప్పింది. అయినా దానిని మోసమని మనం అనము. పచ్చడి చేసుకొని సంతోషంగా తింటాము. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, పాశ్చాత్యుల భోజనపు బల్ల మీద కనిపించే ఒక పానీయం స్వభావం మనకు సులభంగా బోధపడుతుంది. అది తెల్లద్రాక్ష నుంచి తయారయ్యే ఒకానొక వైను. వాసనకు అది జామపండు, నారింజ తొక్క, నలిపిన టమాటా ఆకు. రుచికి మాత్రం చక్కెర పలుకైనా లేనిది.

మద్యపానాన్ని గురించి మా శ్రోతలలో ఎవరి అభిప్రాయం వారికి ఉన్నది. దానిని మార్చాలని మేము కోరడం లేదు. కాని న్యూజీలాండులోనో ఆస్ట్రేలియాలోనో బిడ్డలు కాపురముంటున్న తెలుగు కుటుంబాలు ఈనాడు ఎన్నో ఉన్నవి. బిడ్డలను చూడబోయిన తల్లిదండ్రులకు అక్కడి దుకాణాలలో ఈ సీసాలు బారులు తీరి కనిపిస్తాయి. సీసా వెనుక చీటీ మీద పక్కపక్కనే ‘పండ్ల పరిమళం గలది’ అనీ, ‘తీపి లేనిది’ అనీ రాసి ఉంటుంది. పండ్ల ఎస్సెన్సు ఏదో కలిపి ఉంటారని చాలామంది అనుకుంటారు. అనుమానం సహజమే కాని, నిజం కాదు. ఆ సీసాలో జామ లేదు, నారింజ లేదు. ద్రాక్ష తప్ప వేరే పండు లేదు. ఇంకా వింతైన విషయమేమంటే, ఆ ద్రాక్షపండును తోటలో కోసి తింటే అందులోనూ జామవాసన లేదు. మరి ఆ పరిమళం ఎక్కడి నుంచి వచ్చింది? అదే మేము ఇక్కడ విచారించదలచిన విషయం.

ముందుగా రెండు మాటలను గురించి చెప్పవలసి ఉన్నది. వైనును మనవారు ద్రాక్షసారా అనడం కద్దు. అది సరి కాదు. సారాను బట్టీ పెట్టి కాచి, ఆవిరిని చల్లార్చి పట్టుకుంటారు. వైనుకు కాచే పని లేదు. అది పులిసేది మాత్రమే. ఆ లెక్కన అది సారాకు కాదు, కల్లుకు చుట్టం. రెండవ మాట ‘డ్రై’. ఇంగ్లీషువారు డ్రై అన్నా, ఫ్రెంచివారు సెక్ అన్నా, జర్మనులు ట్రాకెన్ అన్నా అర్థం ఒకటే, పొడి అని. ద్రవపదార్థం పొడిగా ఉండడమేమిటని మనకు నవ్వు వస్తుంది. తీపి బొత్తిగా లేనిదని ఆ మాటకు తాత్పర్యం. మనం తీపి లేని వైను అనుకుంటే చాలును.

తీపి ఏమైపోయిందో లెక్క చెప్పవచ్చు. కోతకు వచ్చిన ఈ ద్రాక్ష రసంలో లీటరుకు సుమారు 220 గ్రాముల చక్కెర ఉంటుంది. చెరకురసానికి ఏమాత్రం తీసిపోదు. ఈస్టు అనే సూక్ష్మజీవి ఆ చక్కెరను తిని ఆల్కహాలుగానూ బొగ్గుపులుసు వాయువుగానూ మారుస్తుంది. లీటరుకు 17 గ్రాముల చక్కెర ఖర్చైతే నూటికి ఒక పాలు ఆల్కహాలు వస్తుందని స్థూలమైన లెక్క. అంటే 220 గ్రాములకు సుమారు 13 పాళ్ళు. ఈస్టు పని చివరిదాకా సాగితే మిగిలే చక్కెర లీటరుకు రెండు మూడు గ్రాములు. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం నాలుగు గ్రాములకు మించకపోతే అది తీపి లేని వైను. పులుపు తగినంత ఉన్నప్పుడు తొమ్మిది గ్రాముల వరకూ సడలింపు ఉన్నది, ఎందుకంటే పులుపు తీపిని కప్పివేస్తుంది. ఈ మర్మం మన చింతపండు పులుసులో బెల్లం ముక్క వేసే ప్రతి ఇల్లాలికీ తెలిసినదే.

తీపి పోయిన దారి ఇది. పరిమళం వచ్చిన దారి ఇంత సూటిగా లేదు.

పండ్ల పరిమళం గల తెల్లవైనులు అనేకం ఉన్నవి. మేము ఒక్కదానినే తీసుకుంటున్నాము. దాని ద్రాక్ష పేరు సావినియాన్ బ్లాంక్. ఫ్రెంచి భాషలో ‘సవాజ్’ అంటే అడవిది, ‘బ్లాంక్’ అంటే తెల్లనిది. లువార్ నదీతీరంలోని సాన్సేర్ ప్రాంతంలోనూ, బోర్డో ప్రాంతంలోనూ ఇది పాతకాలం నుంచి పండుతున్నది. లోకప్రసిద్ధమైన కాబర్నే సావినియాన్ అనే నల్లద్రాక్షకు ఈ తెల్లద్రాక్ష తలిదండ్రులలో ఒకటి అని 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు వంశబీజాలను పరీక్షించి తేల్చారు. మన హైదరాబాదు చుట్టుపట్ల ఒకప్పుడు పేరుమోసిన అనాబ్‌షాహీ తోటలను చూచినవారు ఈ పండును చూస్తే చిన్నబుచ్చుకుంటారు. అనాబ్‌షాహీ తినే ద్రాక్ష. పండు పెద్దది, కండ గలది. సావినియాన్ గింజ చిన్నది, గుత్తి బిగుతైనది, లోపల విత్తనాలు. చూపుకు ఆనదు. కాని దాని తొక్కలోనూ తొక్కను అంటిన కండలోనూ ఒక సంపద తాళం వేసి ఉన్నది.

ఫ్రాన్సులో పుట్టిన ఈ ద్రాక్షకు జామపండు పరిమళంతో పెద్ద పేరు తెచ్చిన చోటు మాత్రం భూగోళానికి ఆవలి వైపున ఉన్నది. న్యూజీలాండు దక్షిణ ద్వీపపు ఈశాన్యపు కొసన మార్ల్‌బరో అనే ప్రాంతం, అందులో వైరావు నదీలోయ, లోయలో బ్లెన్‌హైమ్ అనే పట్టణం. డేవిడ్ హెర్డ్ అనే ఆయన 1873లోనే అక్కడ ద్రాక్ష నాటాడు కాని, ఆ తరువాత అది గొర్రెల మందలకూ పచ్చికబయళ్ళకూ ప్రసిద్ధమైన నేలగానే మిగిలింది. సరిగా నూరేళ్ళకు, 1973లో, మోంటానా అనే సంస్థ అక్కడ పెద్దయెత్తున తోటలు వేసింది. 1975లో సావినియాన్ నాటారు. 1979లో తొలి పంట వైనుగా వచ్చింది. 1985లో మొదలైన క్లౌడీ బే అనే తోటవారి వైను లండనుకు చేరి రుచి తెలిసినవారిని ఆశ్చర్యపరచిన తరువాత ఇక వెనుదిరిగి చూడలేదు. ఇప్పుడు అక్కడ సుమారు ముప్పది వేల హెక్టార్లలో ద్రాక్ష ఉన్నది, అందులో అధికభాగం ఈ ఒక్క రకమే. ఒకే పంట మీద ఒక సీమ అంతా ఆధారపడితే వచ్చే కష్టం వారికీ తప్పలేదు. 2008లో న్యూజీలాండు దిగుబడి ముందటి యేటికంటే మూడవవంతుకు పైగా పెరిగిపోయి, ద్రాక్ష ధరలు పడిపోయాయి. పొగాకు ధరలు, మిరప ధరలు ఎరిగిన మన రైతులకు దీనిని వివరించి చెప్పనక్కరలేదు.

ఆ లోయలో పగలు ఎండ నిర్మలంగా కాస్తుంది, రాత్రులు చలి. నేల నది మోసుకొచ్చిన గులకరాళ్ళతో నిండినది, నీరు నిలవదు. పగటి ఎండ చక్కెరను పెంచుతుంది, రాత్రి చలి పులుపును కాపాడుతుంది. పులుపు లేకపోతే తీపి లేని వైను చప్పిడి నీళ్ళతో సమానం. వేడి దేశాలలో చిక్కు ఇదే. మహారాష్ట్రలోని నాసిక్ ప్రాంతంలో ఈ ద్రాక్షతో వైను 2000వ సంవత్సరం నుంచి తయారవుతున్నది. అక్కడ చలికాలం చివర కోత పెట్టి, ఎండలు ముదిరి పులుపు జారిపోకముందే పండును ఇంటికి చేర్చుకుంటారు. ఈ పులుపులో ముఖ్యమైన టార్టారిక్ ఆమ్లం మన చింతపండులోని ఆమ్లమే కావడం మాకు చాలా ముచ్చటగా తోచింది.

మార్ల్‌బరోలో కోత మార్చి, ఏప్రిల్ నెలలలో, అంటే మన ఉగాది రోజులలో వస్తుంది. దక్షిణార్ధగోళంలో అది శరత్తు. తోటవానికి సంవత్సరం మొత్తం మీద అతి కఠినమైన నిర్ణయం కోతకు రోజు పెట్టడం. పచ్చికాయలో పైరజీన్ అనే పదార్థం ఉంటుంది. బెంగుళూరు మిరపకాయను కోసినప్పుడు వచ్చే వాసన దానిదే. ఎండ తగిలి పండు పరువానికి వచ్చినకొద్దీ అది తగ్గిపోతుంది. మరీ ముందు కోస్తే వైను పచ్చికూర వాసన కొడుతుంది. మరీ ఆలస్యం చేస్తే ఆ పచ్చిదనం పూర్తిగా పోయి, దానితోపాటు పులుపూ పోయి, వైను మందకొడిగా తయారవుతుంది. ఈ రెంటికీ నడుమ ఉన్నవి కొద్ది రోజులు. అందులో వాన పడితే గుత్తులు కుళ్ళుతాయి. ప్రయోగశాలలో చక్కెరనూ పులుపునూ కొలిచి అంకెలు వేసుకున్నా, చివరకు తోటవాడు సాలు వెంట నడుస్తూ పండు నోట వేసుకొని నమిలి చూచి గాని మాట చెప్పడు.

కోత సాధారణంగా రాత్రిపూట, యంత్రంతో. ద్రాక్ష సాలును రెండు పక్కల నుంచి పట్టి కుదిపే పెద్ద బండి అది. గుత్తి తొడిమ కొమ్మకే ఉండిపోతుంది, గింజలు రాలి తొట్టెలో పడతాయి. చలిరాత్రి కోస్తే రసం వేడెక్కదు. యంత్రపు కోత అనగానే మోటుపని అని మనం అనుకుంటాము. ఫ్రాన్సులో పేరుగల తోటలు చాలా వరకు చేతికోతనే గౌరవంగా భావిస్తాయి. కాని ఈ వైను విషయంలో పరిశోధకులకు ఎదురైన ఫలితం వేరు. చేతితో గుత్తులుగా కోసిన పండ్ల వైనులో కంటే, యంత్రం కుదిపి చితికించిన పండ్ల వైనులో జామవాసన ఎక్కువ. పండు చితికినప్పుడు దాని కణాలలోని కొవ్వు పదార్థాలు గాలి తగిలి విరిగి, పచ్చగడ్డి కోసినప్పటి వాసన గల పదార్థాలు పుడతాయి. వాటిలో కొన్ని పండులోనే ఉన్న గంధకం గల మరొక పదార్థంతో జతకట్టి, రాబోయే పరిమళానికి ముడిసరుకు అవుతాయి. పైగా బండి కార్ఖానాకు చేరేదాకా రసం తొక్కలలో నానుతుంది. గాయపడిన పండే ఎక్కువ పరిమళించింది అన్నమాట. కవులెవరైనా వింటే వదలిపెట్టరు; మేము వదలిపెట్టి ముందుకు సాగుతాము.

కార్ఖానాలో పండును మెల్లగా పిండి, రసాన్ని చల్లని తొట్టెలో ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచుతారు. మడ్డి అడుగుకు దిగుతుంది. పైతేటను వేరే తొట్టెలోకి తీస్తారు. ఇప్పుడు ఒక గ్లాసుతో ఆ రసం తీసుకొని వాసన చూడండి. తీపి, పులుపు, కాస్త పచ్చివాసన. జామ ఊసే లేదు. అయితే, మింగిన తరువాత అర నిమిషం ఊరుకుంటే గొంతు వెనుక నుంచి ఒక సువాసన మెల్లగా పైకి వస్తుందని బోర్డోలోని అనుభవజ్ఞులు ఏనాటి నుంచో చెబుతూ వచ్చారు. ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగితే వెనుక వచ్చే తీపి వంటిది కాబోలు. దాని రహస్యం మాత్రం వేరు. నోటిలోని సూక్ష్మజీవులు ఆ పరిమళానికి వేసి ఉన్న ముడిని విప్పుతున్నాయని 2008లో స్విట్జర్లాండులోని శాస్త్రజ్ఞులు చూపించారు.

ముడి సంగతి కనిపెట్టినది బోర్డో విశ్వవిద్యాలయం. అక్కడ 1990 దశకంలో ద్యుబుర్దియో ఆచార్యుడు, జపాను నుంచి వచ్చి ఆయన దగ్గర పనిచేసిన తొమినాగ, వారి సహచరులు ఈ వైనులోని పరిమళ ద్రవ్యాలను ఒక్కొక్కటిగా వేరుచేశారు. అవి గంధకం గల పదార్థాలు. రసాయనికులు థయోల్స్ అంటారు. గంధకమంటే మనకు కుళ్ళిన గుడ్డు, టపాకాయల పొగ గుర్తుకు వస్తాయి. కాని ఆ పేరులోనే గంధమున్నది. అవే పదార్థాలు జామపండులోనూ, పాషన్ ఫ్రూటులోనూ ఉన్నవి. కనుక ఈ వైనుకు జామవాసన ఉన్నదంటే అది ఉపమానం కాదు. అక్షరాలా ఆ పదార్థమే.

ద్రాక్షలో ఈ పదార్థం ఒంటరిగా లేదు. ప్రోటీనులకు మూలమైన సిస్టీన్ వంటి ఒక అణువుతో ముడిపడి ఉన్నది. ముడిపడి ఉన్నంతకాలం అది ఆవిరి కాదు, ఆవిరి కానిది ముక్కుకు అందదు. ఈస్టు ఆ జంటను తన కణంలోకి తీసుకుంటుంది. తనకు కావలసిన నత్రజని కొరకు ముడిని తెంపుతుంది, తనకు అక్కరలేని రెండవ భాగాన్ని బయటకు వదలివేస్తుంది. మనం మెచ్చుకునే జామవాసన ఈ వదలివేసిన భాగమే. వదలినదానిలో కొంతభాగానికి ఈస్టే మరొక మార్పు చేసి, ఇంకా ఘాటైన పరిమళంగా మారుస్తుంది. ఇంత చేసినా ముడిపడి ఉన్న సరుకులో పదవవంతు కూడా సాధారణంగా విడుదల కాదు. తక్కినది మూగగానే ఉండిపోతుంది. ఈస్టులలో తెగలు ఉన్నవి. ఒక తెగ ముడి విప్పడంలో నేర్పరి, మరొకటి కాదు. ఒకే రసాన్ని రెండు తొట్టెలలో పోసి, రెండు తెగల ఈస్టు చల్లితే రెండు వేరు పరిమళాల వైనులు వస్తాయి.

ఆ పరిమళం ఎంత స్వల్పమో చెబితే నమ్మడం కష్టం. మన జలాశయాల లెక్కలలో టి.ఎం.సి. అనే కొలత రోజూ వినిపిస్తూనే ఉంటుంది. ఒక టి.ఎం.సి. అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. వీటిలో ఘాటైన జామ పరిమళ ద్రవ్యాన్ని మనిషి ముక్కు పసికట్టడానికి లీటరుకు నాలుగు నానోగ్రాములు చాలును. అంటే ఒక టి.ఎం.సి. వైనులో పది తులాలు. టమాటా ఆకు వాసన ఇచ్చే మరొకటి అంతకంటే తీక్ష్ణమైనది. దానికి రెండు తులాలు చాలు. రెండు తులాలంటే పెండ్లికూతురి గొలుసు ఎత్తు! సీసాలో వందల రెట్లు అధికంగా ఉన్న పదార్థాలు వాసన లేక ఊరకుండగా, లెక్కకు అందనిది వైనుకు పేరు తెచ్చిపెడుతున్నది.

ఇంత స్వల్పమైనదాన్ని నిలుపుకోవడానికే తక్కిన జాగ్రత్తలన్నీ. ఈస్టు పనిచేసేటప్పుడు రసం వేడెక్కుతుంది. మన కల్లుకుండలో ఆ వేడిని పట్టించుకునేవారు లేరు. పొద్దుట తీయనిది సాయంత్రానికి పులిసిపోతుంది. ఇక్కడ తుప్పుపట్టని ఉక్కు తొట్టెల చుట్టూ చల్లని ద్రవాన్ని ప్రవహింపజేసి 12 నుంచి 16 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య నిలుపుతారు. వేడి పెరిగితే బొగ్గుపులుసు వాయువు బుడబుడ పైకి పోతూ పరిమళాన్ని తనతో మోసుకుపోతుంది. చల్లగా ఉంచితే పని నెమ్మది. రెండు మూడు వారాలు పడుతుంది. ఆపిల్‌ను, అరటిపండును తలపించే మరికొన్ని సువాసనలు ఈ చలిలోనే నిలుస్తాయి. బోర్డోలో కొందరు ఇదే ద్రాక్షరసాన్ని ఓక్ కలప పీపాలలో పులియబెడతారు. వైనుకు కలప వాసన, నిండుదనం వస్తాయి. అదొక అందం. జామ పరిమళమే ప్రధానమనుకునేవారు పీపా జోలికి పోరు.

తరువాతి పనులు త్వరగా చెప్పవచ్చు. బురదనీటిలో మనం చిల్లగింజ అరగదీసి తేర్చినట్లు, బెంటొనైట్ అనే బంకమట్టి కలిపి వైనులోని ప్రోటీనులను అడుగుకు దింపుతారు. బాగా చల్లబరచి, టార్టారిక్ పులుపులో అధికమైనది పలుకులుగా కట్టి విడిపోయేటట్లు చేస్తారు. వడపోసి సీసాలకు ఎత్తుతారు. ఏప్రిల్‌లో కోసిన పండు ఆ యేడే సీసాలో దుకాణానికి చేరడం సామాన్యం.

అసలు శత్రువు ప్రాణవాయువు. పండు చితికినప్పుడు కాస్త తోడ్పడినదే, వైను తయారైన తరువాత ప్రాణాంతకమవుతుంది. గాలి తగిలి మారిన తొక్కల పదార్థాలు పరిమళ ద్రవ్యాన్ని పట్టుకొని మళ్ళీ మూగదాన్ని చేస్తాయి. అందుకే తొట్టెలలో ఖాళీ జాగాను నత్రజనితో నింపుతారు. కొద్దిపాటి సల్ఫర్ డయాక్సైడు కలుపుతారు. చీటీ మీద సల్ఫైట్లు ఉన్నవన్న హెచ్చరిక దానిని గురించినదే. ఉబ్బసం గలవారిలో కొందరికి అది పడదు. బెండు బిరడాలు ఒకదానివలె ఒకటి ఉండవు. కొన్నిటి గుండా గాలి ఎక్కువ చొరబడుతుంది, కొన్ని వైనుకు బూజు వాసన అంటిస్తాయి. న్యూజీలాండు తయారీదారులు 2001లో జట్టుకట్టి మరమూతలకు మళ్ళారు. మరమూత చవక సరుకుకు గుర్తని వెక్కిరించినవారు ఉన్నారు. పరిమళాన్ని ముఖ్యమనుకున్నవారు లెక్కచేయలేదు. మా అభిప్రాయంలో వారు చేసినది సరైన పని.

ఎంత బిగించినా కాలం మాత్రం మూతలోకి చొరబడుతుంది. ఈస్టు తయారుచేసిన ఘాటైన జామ పరిమళం వైనులోని పులుపు నీటిలోనే నెలల తరబడి మెల్లగా విరిగి, తక్కువ ఘాటు గల తన మొదటి రూపానికి దిగిపోతుంది. వేసవి వేడిలో, ఎండ తగిలే అలమరలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. నల్లవైనులలో కొన్నిటిని ఇరవై, ముప్పది యేండ్లు దాచి గర్వపడతారు. దీనిని అట్లా దాచినవారికి మిగిలేది డబ్బాలో నిలవచేసిన బఠానీల వాసన. అందుచేత ఈ సీసాను కొనేవారు ముందుగా చూచేది తయారుచేసినవారి పేరు కూడా కాదు. చీటీ మీద పంట యేడు. నిన్నటి పంటయితే తీసుకుంటారు. నాలుగేండ్ల కిందటిదైతే, ధర తగ్గించి పెట్టినా, తిరిగి అరలోనే ఉంచి వస్తారు.